ఆఖరి రీలు ముందు పడిన ఆదివారం

నేరాల సినిమాలకు నేను మార్కులు వేసేవాణ్ణి. వెయ్యమని ఎవరూ అడగలేదు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ముగించి ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో తనిఖీ పనికి కుదిరాక, లోకంలో ప్రతి వస్తువుకీ ఒక చెక్ షీటు ఉండాలన్న నమ్మకం నాలో గట్టిపడింది. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. రెండు గొట్టాల చివర్లను కలిపి బిగించే ఇనుప చక్రాలు, ఫ్లాంజీలు, మా దగ్గర తయారయ్యేవి. ప్రతి ఫ్లాంజీ నా బల్ల మీదికి వచ్చేది. వ్యాసం సరిపోయిందా, బోల్టు రంధ్రాలు సమాన దూరంలో ఉన్నాయా, ముఖం నున్నగా ఉందా అని చూసి టిక్కు పెట్టేవాణ్ణి. ఫ్లాంజీకి కుదిరిన పద్ధతి సినిమాకి ఎందుకు కుదరదు?

నా షీటు వందకి. హంతకుడెవరో చివరిదాకా తెలియకపోతే నలభై. పోలీసుకి దొరికిన ప్రతి ఆధారమూ మనకీ కనపడితే ఇరవై. హత్య జరిగిన ఇంట్లోనే హాస్యగాడు పాట పాడకపోతే పది. విలన్ డెన్‌లో ఎర్ర దీపాలు, నీలం దీపాలు ఒకటి తర్వాత ఒకటి వెలగకపోతే పది. అంతా అయిపోయాక జీపు దిగి చేతులు పైకెత్తమనే పోలీసు లేకపోతే మరో పది. ఇంట్లో నౌకరు తువ్వాలు దులుపుతూ అనుమానంగా చూడకపోతే ఐదు. వాన కురిస్తే ఐదు. వానకి ఎందుకు ఐదిచ్చానో నాకు ఈనాటికీ తెలియదు. మంచి నేర చిత్రంలో వాన ఉంటుందని మాత్రం అప్పట్లో గట్టిగా అనిపించేది.

ఈ షీటుని ఎక్కువగా వెక్కిరించేది మా బావ. అక్క మొగుడు. పోర్టులో ఓడల నుంచి సరుకు దించే ముఠాకి మేస్త్రీ. వాళ్ళ క్వార్టర్లోనే నేనూ ఉండేవాణ్ణి.

"వానకి ఐదేట్రా? మనూర్లో తుపానొస్తే ప్రతోడికీ ఐదిచ్చెత్తావా?"

"బావా, అది వాతావరణం. కథలో బిగువు కోసం."

"బిగువు కావాలంటే బోల్టు తిప్పు. సినిమాకేల నీ బిగువు?"

వారంలో ఆరు రోజులు నాకు ఫ్లాంజీలే. ఏడో రోజున మాత్రం ప్రపంచం కనపడేది. పాతూళ్ళో హార్బరుకి దగ్గరగా ఉన్న ఒక హాల్లో నెలకొక ఆదివారం ఉదయం మా ఫిలిం సొసైటీ ఆట వేసేది. సీతమ్మధార నుంచి వచ్చే లెక్చరర్లు, స్టీల్ ప్లాంటు ఇంజినీర్లు, పోర్టు గుమాస్తాలు అందులో సభ్యులు. టైపు కొట్టడం వచ్చిన పాపానికి కార్యదర్శిని నేనయ్యాను. సభ్యులతో హాలు ఎన్నడూ నిండేది కాదు కాబట్టి అతిథి పాసులు ఇచ్చేవాళ్ళం. అతిథులంటే మా బావ ముఠా, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, తెల్లవారే వేలం ముగించుకుని ఫిషింగ్ హార్బర్ నుంచి తిన్నగా వచ్చేసే పడవలవాళ్ళు. ఫ్యాను తిరిగితే హాలంతా ఐసూ చేపలూ కలిసిన వాసన. లెక్చరర్లు బాల్కనీలో కూర్చునేవారు.

ఈ అతిథుల కోసమే మా సొసైటీలో ఒక ఆచారం పుట్టింది. సినిమాలు ఏవేవో భాషల్లో ఉండేవి, కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తేవి. అందుకని తెర పక్కన చిన్న బల్ల, మైకు, టార్చిలైటు పెట్టుకుని, మద్రాసు నుంచి సినిమాతో పాటు వచ్చే సైక్లోస్టైలు కాగితాలు చూసి ఒకరు తెలుగులో కథ చెప్పాలి. ఆ పని కూడా నాదే. బుర్రకథకి వంతలుంటారు, నాకు మాత్రం మా బావ ఉండేవాడు. మూడో వరసలో కూర్చుని నేను ఒక ముక్క చెబితే తను రెండు కలిపేవాడు.

నేను చెప్పబోయే ఆదివారానికి ముందు రెండు నెలలు సినిమాలు మాకు కలిసి రాలేదు. ఒకదాంట్లో ఒక ముసలాయన చాలాసేపు సముద్రం వైపు చూస్తాడు. "సముద్రం సూడ్డానికి టిక్కెట్టేటి, తలుపు తీత్తే అదే కదా" అంటూ బావ ముఠా మొత్తం లేచి వెళ్ళిపోయింది. రెండోదాంట్లో ఇంటర్వెల్ అయ్యాక నేను మైకులో కథ చెప్పింది ఖాళీ కుర్చీలకి.

హాలు మేనేజరుగారిది రాజమండ్రి వైపు. మర్యాదకి లోటు లేని మనిషి. ఏ సినిమా గొప్పదో తేల్చడానికి ఆయనకి షీటు అక్కర్లేదు. ఇంటర్వెల్లో క్యాంటీన్లో సమోసాలు మిగలకపోతే గొప్ప సినిమా. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి కాఫీ ఇప్పించారు. కాఫీ ఇప్పించారంటేనే కబురు మంచిది కాదని అర్థం.

"సెక్రటరీ గారూ, ఏమీ అనుకోకండి. ఆదివారం పొద్దున్న డబ్బింగు ఫైటింగు బొమ్మ వేసుకుంటామని ఒకాయన తిరుగుతున్నాడండి. ఈసారి మీ బొమ్మ చూస్తానండి. ఇంటర్వెల్ అయ్యాక జనం లోపలుంటే ఆట మీదే. లేకపోతే ఇంక ఫైటింగేనండి."

ఆ ఆట పోతే సొసైటీ పోయినట్టే. అంత చవగ్గా ఇంకో హాలు దొరకదు. కమిటీ కూర్చుంది. అందరి చూపూ నా మీద పడింది. నేను షీటు తీశాను. మద్రాసు జాబితాలో ఒక నేర చిత్రం ఉంది. ఐరోపాలో ఏదో చిన్న దేశానిది, నలుపు తెలుపు. కథా సంగ్రహం చదివి మార్కులేశాను. తొంభై ఐదు. నౌకరు దగ్గర ఐదు పోయాయి.

కథ ఇది. నది ఒడ్డున చిన్న పట్నం. పిండి వ్యాపారి ఒకడు హత్యకి గురవుతాడు. రొట్టెల కొట్టువాడు, మిల్లు యజమాని, వ్యాపారి మేనల్లుడు, ముగ్గురి మీదా అనుమానం. ఎప్పుడూ జలుబుతో ముక్కు తుడుచుకునే ఒక పోలీసు అధికారి విచారిస్తాడు. హంతకుడు రొట్టెల కొట్టువాడని ఆఖరి రీలులో బయటపడుతుంది. అంతదాకా ఎవరికీ అందదు. నా నలభై మార్కులూ ఆ ఒక్క రీలులోనే ఉన్నాయి. ఆ ఘట్టంలో మైకు ముందు ఎంతసేపు ఆగాలో కూడా ఇంట్లో సాధన చేశాను.

"ఎవుడు సంపినాడో నాకొక్కడికి సెప్పీరా," అన్నాడు బావ.

"చెప్పను."

"మీ అక్క మీద ఒట్టు, ఎవుడికీ సెప్పను."

"నా మీదేటి, నీ మీదెట్టుకో ఒట్టు," అంది అక్క వంటింట్లోంచి.

రైల్వే పార్సిలు ఆఫీసు నుంచి రీళ్ళ డబ్బాలు తీసుకొచ్చే పని బావే ఎత్తుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా సరుకు దించుతున్న చెయ్యి, ఆరు డబ్బాలు దానికో లెక్కా. డబ్బాల మీద నంబర్లు అంకెల్లో లేవు, ఆ దేశపు అక్షరాల్లో ఉన్నాయి. వాటిని నేను కాగితాలతో సరిచూసి వరస చెప్పాను. ఆయన ఆ వరసలోనే రిక్షాలో వేయించుకుని వెళ్ళి, ప్రొజెక్షన్ గదిలోని ఇనుప ర్యాకులో స్వయంగా సర్ది వచ్చాడు. అంతదాకా అంతా సవ్యమే.

ఆదివారం హాలు నిండింది. హత్య సినిమా అనేసరికి బావ ఊరంతా చాటాడు. పడవలవాళ్ళు చేతులు కడుక్కోకుండానే వచ్చేశారు. ఎప్పుడూ రాని అక్క కూడా పక్క క్వార్టర్ల ఆడవాళ్ళని వెంటేసుకుని వచ్చింది. దీపాలు ఆరాయి. టార్చి వేసుకుని మొదటి కాగితం అందుకున్నాను.

"ఇది నది ఒడ్డున ఒక ప్రశాంతమైన పట్నం. ఇక్కడ ఒక రొట్టెల కొట్టు ఉంది. దాని యజమాని చాలా నెమ్మదస్తుడు."

తెర మీద ఒక లావుపాటి మనిషి ఇళ్ళ కప్పుల మీంచి కప్పుల మీదికి గెంతుతున్నాడు.

"నెమ్మదస్తుడా!" అంది ఒక గొంతు. "ఓర్నాయనో, కోతిలా గెంతుతన్నాడు సూడండ్రా!"

నేను కాగితం తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు. తెర మీద ఆ మనిషి సంతలోకి దూకాడు, గంపలు దొర్లాయి, హాల్లో ఈలలు మోగాయి. చివరికి ఒక వంతెన మీద ఆగిపోయాడు. అవతలి నుంచి ముక్కు తుడుచుకుంటూ పోలీసు వచ్చాడు. తుపాకీ తియ్యలేదు, ఏమీ అనలేదు. గుప్పిట తెరిచాడు. అరచేతిలో ఒక గుండీ. లావుపాటి మనిషి తన కోటు వైపు చూసుకున్నాడు. ఒక గుండీ లేదు. మిగిలిన గుండీలు ఒక్కొక్కటే నిదానంగా పెట్టుకుని రెండు చేతులూ చాపాడు. వాన మొదలైంది. తెర మీద ఏదో మాట పడింది. ఏ భాషైనా ఆ మాటకి అర్థం అందరికీ తెలుస్తుంది. దీపాలు వెలిగాయి.

"అయిపోనాదేటి?"

"ఇంగిలీసు సినిమాలు సిన్నవని ఇన్నాను గానీ, మరీ ఇంత సిన్నవేట్రా!"

నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ప్రొజెక్షన్ గదిలోకి వెళ్ళేసరికి ఆపరేటరు తల పట్టుకుని ఉన్నాడు. నా వెనకే బావ వచ్చాడు.

"కింది అర నుంచే కదండీ మొదలెట్టేది," అన్నాడు ఆపరేటరు. "ఈ హాలు కట్టినప్పటి నుంచీ మొదటి రీలు కింద అరలోనే."

"కిందేటి?" అన్నాడు బావ. "ముందు దిగాల్సింది పైనుంటాది. అడుగునున్న సరుకు ముందు లాగితే ఓడ ఒరిగిపోద్ది. పోర్టులో ఏ కుర్రోణ్ణడిగినా సెప్తాడు."

"ఇది ఓడ కాదు బావా!"

"సరుకు సరుకే కదరా. దించేటోడికి బుర్రుండాల."

అప్పుడే మేనేజరుగారు ఆయాసపడుతూ వచ్చారు. "ఏవండీ, బొమ్మ అయిపోయిందంటండి? సమోసాలింకా నూనెలోనే ఉన్నాయండి!"

ప్రొజెక్షన్ గది కిటికీలోంచి చూశాను. వెనక వరసలు లేస్తున్నాయి. బాల్కనీలో ఒక లెక్చరరుగారు వాచీ చూసుకుంటున్నారు. నా నలభై మార్కులూ ఒక్క రీలులో పోయాయి. ఆదివారం ఆట వాటి వెనకే తలుపు దాకా వెళ్ళిపోయింది. ఆపరేటరుకి మొదటి రీలు ఎక్కించమని చెప్పి కిందికి దిగి మైకు పట్టుకున్నాను. నిజం చెప్పడం తప్ప వేరే దారి లేదు.

"ప్రేక్షక మహాశయులారా, పొరపాటున ఆఖరి రీలు ముందు పడింది. ఇప్పుడు మొదటి నుంచి వేస్తాం. హంతకుడెవరో మీకు తెలిసిపోయింది కనుక, వెళ్ళదలచుకున్నవారు..."

"ఎల్లేటోళ్ళు ఎవుల్లేరు ఇక్కడ!" మూడో వరస నుంచి బావ లేచాడు. ప్రొజెక్షన్ గది నుంచి నాకంటే ముందు ఎలా దిగాడో తెలియదు. "ఒరే, ఒక మనిసిని అరెస్టు సేసీసినారు. మన కళ్ళ ముందే సేసినారు. ఆడేటి సేసినాడో కనుక్కోకుండా ఇంటికెల్లి అన్నం తింటారేటి? నాయమేనా?"

హాలు గొల్లుమంది. తలుపు దాకా వెళ్ళినవాళ్ళలో సగం మంది వెనక్కి తిరిగారు.

"ఆ గుండీ కతేటో నాకు తెలవాల," అంది అక్క పక్కావిడతో, హాలంతా వినపడేటట్టు. మిగతా సగం కూడా కూర్చున్నారు.

మొదటి రీలు పడింది. నది, వంతెన, రొట్టెల కొట్టు. పొయ్యి దగ్గర నెమ్మదస్తుడు పిండి పిసుకుతున్నాడు. నేను కాగితం చేతిలోకి తీసుకున్నాను గాని చదవలేదు. తెర మీద అతని భార్య ఒళ్ళో ఒక కోటు వేసుకుని కూర్చుంది. సూదిలో దారం ఎక్కించింది. గుండీ పెట్టి నాలుగు కుట్లు వేసి, దారం పళ్ళతో కొరికేసింది.

అంతే, ఆడవాళ్ళ వరసలోంచి ఒక ముసలమ్మ ఉండబట్టలేక అరిచింది.

"గట్టిగా కుట్టవే తల్లీ! ఊడిపోద్ది!"

ఎవరూ నవ్వలేదు. అదే నాకు వింతగా తోచింది. కాగితాల్లో ఆ కుట్టు గురించి ఒక్క ముక్క లేదు. వరసలో చూసి ఉంటే నేనైనా దాన్ని పట్టించుకునేవాణ్ణి కాదు. ఇల్లాలు గుండీ కుడుతోంది, అంతే కదా, హత్య ఎప్పుడు జరుగుతుందా అని చూసేవాణ్ణి. ఇప్పుడు మాత్రం హాలంతా కోటు మీదే కళ్ళు పెట్టింది. అతను కోటు వేసుకుంటే ఊపిరి బిగపట్టింది, విప్పి కొక్కేనికి తగిలిస్తే వదిలింది. పోలీసు రొట్టె కొనడానికి వస్తాడు. చిల్లర తీసుకుంటూ ఊరికే కోటు వైపు చూస్తాడు. "సూడకు బాబూ, ఎల్లిపో, ఎల్లిపో" అని ఎవరో పోలీసుకి నచ్చజెప్పారు. పిండి వ్యాపారి అందరి ముందూ రొట్టెల కొట్టువాణ్ణి అవమానించినప్పుడు ముఠాలో ఒకడు, "సంపీసినా తప్పులేదురా ఈణ్ణి" అన్నాడు. వెంటనే పక్కవాడు, "తప్పులేదంటే అయిపోద్దేటి, పెళ్ళానికేటి సెప్తాడు?" అన్నాడు. నేను మైకు కట్టేశాను. కథ చెప్పడానికి నా అవసరం కనపడలేదు.

ఇంటర్వెల్ గంట మోగింది. ఒక్కరూ లేవలేదు. కుర్చీల్లోనే వెనక్కి తిరిగి కొట్లాట మొదలుపెట్టారు. గుండీ పిండి వ్యాపారి గోదాములో పెనుగులాటలో ఊడిందా, మెట్ల మీద రెయిలింగుకి తగులుకుని ఊడిందా అని. బావ గోదాము పక్షం, అక్క మెట్ల పక్షం.

"పెనుగులాటలో దారం తెగుద్దే!"

"తెగితే అక్కడే పడుద్ది కదా. అక్కడ పడుంటే పోలీసోడికి మొదటి రోజే దొరకాల. కళ్ళున్నాయా నీకు?"

బయట క్యాంటీన్లో సమోసాల గుట్ట అలాగే ఉంది. మేనేజరుగారు తలుపు దగ్గర నిలబడి నా వైపు చూశారు. జనం లోపలే ఉన్నారు, ఆయన మాట ప్రకారం ఆట మాదే. కాని సమోసాలు మిగిలాయి, ఆయన కొలత ప్రకారం సినిమా తుక్కు. రెండు లెక్కలూ ఒకదానికొకటి పొసగక ఆయన ముఖంలో పెద్ద అవస్థ కనపడింది. చివరికి ట్రే తానే ఎత్తుకుని లోపలికి వచ్చారు. "వేడివేడివండీ, సమోసా, సమోసా" అంటూ మూడో వరస దాకా వచ్చేసరికి దీపాలు ఆరిపోయాయి.

మూడు రీళ్ళయ్యాక, ర్యాకులోంచి ఆఖరిది మళ్ళీ దిగింది. అదే కప్పుల మీద గెంతులు, అదే సంత. పొద్దున ఈలలు వేసినవాళ్ళు ఇప్పుడు వెయ్యలేదు. వంతెన మీద పోలీసు గుప్పిట తెరిచాడు. మొదటిసారి మేం గుండీని చూశాం. ఈసారి నాలుగు కుట్లూ, పళ్ళతో కొరికిన దారమూ కనపడ్డాయి. రొట్టెల కొట్టువాడు మిగిలిన గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటుంటే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దీపాలు వెలిగేసరికి మేనేజరుగారు మూడో వరస పక్కన ట్రే పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. సమోసాలు చల్లారి మెత్తబడిపోయాయి.

"పాపం ఆవిడండి," అన్నారు ఎవరితోనో. తర్వాత నన్ను చూసి గొంతు సర్దుకుని, "ఆట మీదేనండి. వచ్చే నెల కూడా వేసుకోండి. కాని ఒక షరతండి."

"చెప్పండి."

"ఇలాగే ఆఖరు ముందు వెయ్యాలండి. క్యాంటీను ఇంక లోపలే పెట్టుకుంటాను."

బావ జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చాడు. రొమ్ము ఇంతెత్తున ఉంది. "సూసినావా? కావాలనే అలా సర్దినాను. నీ బుర్రకి అందదని సెప్పలేదు గానీ."

"ఓడ ఒరిగిపోద్దన్నావు కదా బావా?"

"ఒరిగిందేటి? నిండా సరుకుతో రేవులో నిలబడే ఉంది కదరా!"

ఆ సాయంత్రం షీటు ముందేసుకుని కూర్చున్నాను. హంతకుడెవరో తెలిసిపోయాక కూడా నేను కుర్చీలోంచి కదల్లేదు. నలభై మార్కుల ప్రశ్నకి సినిమా జవాబే రాయలేదు, అయినా పాసైంది. అంతకు ముందు తొంభైలు ఇచ్చిన సినిమాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, వాటి ఆఖరి రీలు ముందు వేస్తే ఏమవుతుందా అని ఆలోచించాను. చాలావాటిలో ఏమీ మిగల్లేదు. హంతకుడి పేరు తీసేస్తే ఖాళీ డబ్బా. రెండు మూడు మాత్రం నిలబడ్డాయి. వాటిలో ఎక్కడో ఒక ఇల్లాలు కప్పు కడుగుతుంది, ఒకడు చెప్పులు మర్చిపోయి వెనక్కి వస్తాడు, ఒక పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. మొదటిసారి చూసినప్పుడు అవి ఊరికే ఉన్నాయి. ముగింపు తెలిసి తలుచుకుంటే కథ బరువంతా వాటి మీదే ఉంది.

మా వర్క్‌షాపులో ఫ్లాంజీని ఒకసారి బిగించి నీళ్ళు కారలేదని టిక్కు పెట్టేవాళ్ళం కాదు. విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ నీటి ఒత్తిడి పెట్టేవాళ్ళం. రెండోసారి కూడా కారకపోతేనే అది స్టీల్ ప్లాంటుకి వెళ్ళేది. ఆ పరీక్షని సినిమాల షీటులో రాయాలని ఎందుకు తట్టలేదో అనుకుంటూ, నలభై మార్కులు హంతకుడి గడిలోంచి తీసి "రెండోసారి" అని కొత్త గడి గీసి అందులో వేశాను. వానకి ఐదు అలాగే ఉంచాను. ఆ వంతెన మీద వాన బాగుంది.

తర్వాతి నెల కూడా నేర చిత్రమే తెప్పించాం. మేనేజరుగారి షరతు కమిటీలో పెడితే పెద్ద రభస జరిగింది. రీళ్ళు తారుమారు చెయ్యడం దర్శకుడికి ద్రోహమన్నారు లెక్చరరుగారు. ఆయన మాట కాదనలేం, మేనేజరుగారి హాలూ వదులుకోలేం. చివరికి రీళ్ళు వరసలోనే వెయ్యాలని, ముగింపు మాత్రం నేను మైకులో రెండు ముక్కల్లో ముందే చెప్పెయ్యాలని తేలింది. డబ్బాలు ఈసారి నేనే సర్దాను, కింది అర నుంచి పైకి. బావ గుమ్మంలో నిలబడి చూస్తూ, "ఇలాటోణ్ణి పోర్టులో ఒక్క పూటుంచరు" అన్నాడు.

ఆదివారం హాలు నిండింది. సమోసాల ట్రే ముందే మూడో వరస పక్కన ఒక స్టూలు మీద సిద్ధంగా ఉంది. దాని పక్కన మేనేజరుగారికి కుర్చీ. నేను మైకులో చెప్పాను.

"ఈ కథలో డాక్టరుగారిని చంపింది ఆయన తమ్ముడు. చివర్లో స్టేషన్లో దొరికిపోతాడు. ఇంక చూడండి."

బాల్కనీలో ఎవరో విసురుగా లేచి వెళ్ళిపోయారు. కింద మాత్రం కుర్చీలు ముందుకి జరిగిన చప్పుడు. దీపాలు ఆరాయి. తెర మీద ఒక ఇల్లు కనపడింది. తమ్ముడు గుమ్మంలో గొడుగు దులుపుతున్నాడు, వదిన బల్ల మీద గిన్నెలు సర్దుతోంది. హాలంతా వంగి ఆ ఇంట్లోని వస్తువుల్ని ఒక్కొక్కటిగా వెతుకుతోంది.

"ఒరే బామ్మర్దీ," అన్నాడు బావ చీకట్లోంచి, "ఇందులో గుండీ ఏదిరా?"

"ఉస్," అంది అక్క. "గొడుగు సూడు."